ఆకలి లేని దీక్ష

రఘునాథపల్లి బస్టాండు ముందు టెంటులో రిలే దీక్షలు మొదలై అప్పటికి మూడో నెల. జగపతి మండల జేఏసీలో పెద్దమనిషి, మాటకారి. పొద్దుగూకేసరికి దీక్షలో కూర్చున్నవాళ్ళంతా నిమ్మరసం కోసం మెడలు చాస్తుంటే, ఆయన భార్య కౌసల్య మాత్రం సగం గ్లాసు తాగి పక్కన పెట్టేసేది. ఇంట్లోనూ అంతే, నాలుగు ముద్దలకే చెయ్యి కడిగేసుకునేది.

"తెలంగాణ వచ్చేదాక మా ఆమెకు ఆకలి కాదట" అని జగపతి మైకులో చెబితే జనం చప్పట్లు కొట్టారు. ఆయనకు ఛాతీ ఉబ్బింది. ఆమెకు పొట్ట ఉబ్బింది. ఖాళీ కడుపున గ్యాసు పట్టిందని టెంటులో తలా ఒక వైద్యుడై తేల్చి, వాము నీళ్ళు తాపారు.

చీర కుచ్చిళ్ళు దోపుకోవడం కష్టమయ్యాక గానీ ఆమెను జనగామకు తీసుకుపోలేదు.

స్కానింగ్ డాక్టరు నజియా అండాశయంలో గడ్డ ఉందని చెప్పింది. జగపతి తెర దగ్గరికి జరిగాడు. మంచిదా, చెడ్డదా అని అడిగాడు. అదే చూస్తున్నానంది. వట్టి నీటి తిత్తి అయితే తెర మీద నల్లగా, గోడ నున్నగా కనిపిస్తుందట. చాలామందికి ఉండేది అదేనట, భయం లేదట. జగపతి తెర మీద నలుపు కోసం వెతికాడు. ఉంది. కానీ ఆ నలుపులోకి గోడ నుంచి ముద్దలు ముద్దలుగా పొడుచుకొచ్చి ఉన్నాయి. డాక్టరు మీట నొక్కితే ఆ ముద్దల్లో రక్తం పారుతున్నట్టు తెర మీద ఎరుపు, నీలం రంగులు కదిలాయి. కడుపులో నీరు కూడా చేరింది.

"చెడ్డదేమోనని అనుమానమన్నా. ఆపరేషన్ చేసి ముక్క పరీక్షిస్తెనే పక్కా తెలుస్తది. జల్ది హైదరాబాద్ పోండ్రి" అంది నజియా. తిండి ఎప్పటినుంచి సయించడం లేదని కౌసల్యను అడిగింది. ఆకలి చావడం కూడా ఈ జబ్బు గుర్తేనట.

"టెంటు వెయ్యకముందు సంది" అంది కౌసల్య.

జగపతికి సిగ్గేసింది. అంతకన్నా ఎక్కువ భయమేసింది. బయటికొచ్చి, హోటల్లో ఇడ్లీ తెప్పించి, జర తినుమని బతిమాలాడు. ఆమె ఆయన కోసం సగం ఇడ్లీ తిని ప్లేటు జరిపింది.

"నాకెందుకు చెప్పలేదే?" అన్నాడు.

"చెప్పిన. ఆకలైతలేదంటె నువ్వు సంబురపడ్డవ్. మల్ల చెప్పబుద్ది కాలే."