అరుగు మీద క్యారేజీలు

రెబ్కా కూలి ముఠాలో ఒక మర్యాద ఉంది. పనికి రావద్దని ఎవరూ ఎవరితోనూ నోటితో అనరు. పొద్దున్నే ఐదున్నరకల్లా ఇరవై మంది ఆడాళ్లు అన్నం క్యారేజీలు తెచ్చి, పేటలో చర్చి అరుగు మీద వరసగా పెట్టేసి, పాత చొక్కాలు తొడుక్కోడానికి మళ్లీ ఇళ్లలోకి పోతారు. ఈలోపు వీరబాబు ట్రాలీ ఆటో వచ్చి ఆగుతుంది. ముఠా మేస్త్రి రెబ్కా. ఆమె ఆ రోజుకి కావలసినవాళ్ల క్యారేజీలు వెదురుగంపలో సర్ది ట్రాలీలోకి ఎక్కిస్తుంది. గంపలోకి ఎక్కిందా, ఆ మనిషికి ఆ రోజు పని ఉన్నట్టు. అరుగు మీదే మిగిలిపోయిందా, లేనట్టు. ఆ మనిషి వచ్చి చూసుకుని, కిక్కురుమనకుండా తన క్యారేజీ తీసుకుని ఇంటికి పోతుంది. ముఠా మానేసేవాళ్లదీ ఇదే తీరు. నేను రానని చెప్పరు. ఖాళీ క్యారేజీ పెట్టి పోతారు. ఎత్తి చూస్తే తేలిగ్గా ఉంటుంది, మేస్త్రికి అర్థమైపోతుంది.

ఇదంతా రెబ్కా అత్త రూతమ్మ పెట్టిన పద్ధతి. ఎదురుగా నిలబెట్టి వద్దంటే మనిషి చిన్నబోతుందే అనేదావిడ. ఆవిడ పోయి ఎనిమిదేళ్లయింది, పద్ధతి మాత్రం పోలేదు. మర్యాదట మర్యాద. ఆ మర్యాదే కొంప ముంచింది, వినండి.

బుధవారం సాయంత్రం గోపాలకృష్ణ గారు రెబ్కాని కల్లం దగ్గరికి పిలిపించాడు. ఈ ముఠాకి పదిహేనేళ్లుగా ఆయన చేనే పెద్ద దిక్కు. ఎనిమిదెకరాల మిరప, మూడు కోతలు, మాఘమాసం నుంచి ఉగాది దాటేదాకా ఇరవై మందికీ చేతినిండా పని. అలాంటి మనిషి కుర్చీలో కూర్చుని చెప్పులు విప్పుకుంటూ, "ఈసారి మూడెకరాలే వేశాను రెబ్కా, నువ్వూ చూశావుగా," అన్నాడు.

"చూశానండి."

"నిరుడు ధర చూశాక ఇంకెవడేస్తాడు చెప్పు. పైగా ఆ నల్ల పురుగొకటి. మిగతా అయిదెకరాలూ మొక్కజొన్న. దానికి మిషనొస్తుంది, మనుషులతో పన్లేదు. నాకు పది మంది చాలు. నువ్వు కాక పది. మంచి చేతులు చూసి తీసుకురా. వారం వారం మార్చొద్దు, అలవాటైన చేతులైతేనే కాయ నలగదు. సోమవారం మొదలెడదాం."

వంతులేసుకుంటామండి, ఈ వారం పది మంది, పై వారం పది మంది అందామని రెబ్కా నోటిదాకా వచ్చింది. ఆయన ముందే ఆ దారి మూసేశాడు. అలాగేనండి అని వచ్చేసింది. ఇంటికొచ్చి తెలిసిన రైతులకి వరసపెట్టి ఫోన్లు చేసింది. ఒకాయన పత్తి పీకేసి శనగేశాడట. ఇంకొకాయన చేను కౌలుకిచ్చేశాడట. మిగతావాళ్లకి ఇంటి మనుషులే సరిపోతారట. ఫోను కింద పెట్టాక దిగులొస్తుందేమోనని చూసింది. రాలేదు. కాయ కోసీ కోసీ సాయంత్రానికి వేళ్లు మొద్దుబారతాయి చూడండి, గిల్లినా తెలీదు. లోపలంతా అలా ఉంది.

కిందటేడు సత్తెనపల్లిలో డ్వాక్రా లీడర్లందరినీ కూర్చోబెట్టి ఒక మేడమ్ క్లాసు చెప్పింది. రోజులు మారుతున్నాయమ్మా, నాయకురాలన్నాక ముందుచూపుండాలి, ప్లాన్ కాగితం మీద పెట్టుకోవాలి, ఇష్టాయిష్టాలు పక్కనపెట్టి నిర్ణయం తీసుకోవాలి అంది. చివర్లో తలా ఒక నోటుబుక్కూ ఒక పెన్నూ ఇచ్చింది. బిస్కెట్లు కూడా ఇచ్చారు. ఆ నోటుబుక్కు ఏడాదిగా బీరువా మీద దుమ్ము కొట్టుకుని ఉంది. రెబ్కా దాన్ని దులిపి, మొదటి పేజీలో పది పేర్లు రాసింది. ఎంతసేపు పట్టిందనుకున్నారు? పావుగంట. ఎవరి చేయి ఎలాంటిదో ఆమెకి తెలియంది కాదు. మొదటి పేరు జమీలా. పక్క వీధి దూదేకుల వాళ్ల కోడలు. రెండు చేతులతో కోస్తుంది, తొడిమ ఊడనివ్వదు, సాలు అందరికంటే ముందు ముగించి వెనకబడ్డవాళ్లకి ఎదురొచ్చి కోసిపెడుతుంది. టౌను నుంచి వ్యానేసుకొచ్చి మంచి చేతుల్ని మార్టూరు వైపు చేలకి తీసుకుపోయే మేస్త్రి ఒకడున్నాడు. రెండేళ్లుగా జమీలాని అడుగుతూనే ఉన్నాడు. మా రెబ్కక్కని వదిలి రానని వాడి మొహానే చెప్పింది. పదో పేరు మహిమ. ఇరవై ఏళ్ల పిల్ల, చురుకైంది.

ఆ పదింటిలో లిడియా పేరు లేదు.

లిడియా రూతమ్మకి చెల్లెలు, రెబ్కాకి చిన్నత్త. అరవై దాటాయి. పదిహేడేళ్లప్పుడు కాపురానికొచ్చిన రెబ్కాకి మిరపకాయ ఎలా తుంచాలో నేర్పింది ఆవిడే. మొదటి రోజు చేతుల మంటకి రెబ్కా ఏడుస్తుంటే తన కోసం తెచ్చుకున్న మజ్జిగంతా ఆ చేతుల మీద పోసేసింది. ఇప్పుడు ఆవిడ వేళ్లు వంగవు. సగం సాలు కోసేసరికి మిగతావాళ్లు రెండోది అందుకుంటారు. ఇష్టాయిష్టాలు పక్కనపెట్టమంది కదా మేడమ్. రెబ్కా పెట్టేసింది.

పేర్లు రాసిందేగానీ ఎవరికీ చెప్పలేదు. ఎందుకు చెబుతుంది? ఉన్నవాళ్లకి చెబితే లేనివాళ్లకి తెలుస్తుంది. సోమవారం పొద్దున గంపే చెబుతుందిలే అనుకుంది. లిడియా ఒక్కదానికి మాత్రం ముందే చెప్పేద్దామనుకుంది. పెద్దావిడ అందరి ముందూ అరుగు దగ్గర నిలబడి తన క్యారేజీ తను తీసుకుపోవడం చూడలేనని శనివారం మధ్యాహ్నం వాళ్లింటికి వెళ్లింది.

లిడియా టీ పెట్టింది. కోడి పొదిగిన సంగతి చెప్పింది. పన్నెండు గుడ్లలో తొమ్మిది పిల్లలైనాయంది. రెబ్కా ఊఁ కొట్టింది. మాట ఎత్తుదామంటే నోరు పెగల్లేదు. గ్లాసు ఖాళీ అయినా దాన్ని అలా పట్టుకుని అరగంట కూర్చుంది. ఇంటికెదురుగా కుళాయి దగ్గర జమీలా బిందె పట్టుకుంటూ ఇటే చూసింది. చూస్తే చూసిందిలే అనుకుంది రెబ్కా. చివరికి "వెళ్లొస్తా అత్తా," అని లేచి వచ్చేసింది. చెప్పలేకపోయినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. ఆ అసహ్యం కూడా నాలుగడుగులు నడిచేసరికి చల్లారిపోయింది.

పది మందే కావాలట అన్న సంగతి పేటంతా అప్పటికే పాకింది. వీరబాబు నోట్లో నువ్వుగింజ నానదు కదా. ఆదివారం ఆరాధనకొచ్చినవాళ్లలో ఒక్కరూ రెబ్కా మొహం చూడలేదు. ఏమయిందే, ఎవరెవరే అని అడిగితే అయిపోయేది. ఒక్కరూ అడగలేదు. ఆమే పిలిచి చెప్పినా అయిపోయేది. ఆమే చెప్పలేదు. అందరికీ మర్యాద అడ్డం వచ్చింది మరి.

సోమవారం ఐదున్నరకి అరుగు మీద ఇరవై క్యారేజీలూ ఉన్నాయి. వీరబాబు ఆటో ఆపి బీడీ ముట్టించాడు. రెబ్కా తన క్యారేజీ గంపలో పెట్టి, ముందుగా జమీలాది అందుకుంది. పచ్చరంగు మూత, మూడు గిన్నెలది. బరువుంటుందని బలంగా ఎత్తింది. చేయి ఊరికే పైకి లేచిపోయింది.

దాన్ని కింద పెట్టి, జాబితాలో రెండో మనిషిది ఎత్తింది. అదీ తేలికే. మూడోది. నాలుగోది. తను పేజీలో రాసుకున్న వరసలోనే ఎత్తుకుంటూ పోయింది. తొమ్మిదీ ఖాళీ. శుభ్రంగా తోమి, ఆరబెట్టి, మూతలు బిగించి మరీ పెట్టారు మహాతల్లులు. పదోది మహిమది ఒక్కటే బరువుగా ఉంది. అప్పుడే మెయిన్ రోడ్డు మీద ఆ టౌను మేస్త్రి వ్యాను హారన్ రెండుసార్లు మోగి దూరమైపోయింది.

"ఏంటక్కా, ఆగిపోయావు?" అన్నాడు వీరబాబు.

"ఏం లేదు. గంప పట్టు."

ఏడుపొస్తే బాగుండుననిపించింది. రాలేదు. మిగిలినవి పదకొండు, అన్నీ బరువైనవే. మహిమది, తను వదిలేద్దామనుకున్న పది మందివీ. పది కావాలి, పదకొండున్నాయి. ఇంత జరిగాక కూడా ఇంకా ఒకటి ఎక్కువే. దేన్ని తీయాలో తేల్చుకునే ఓపిక లేక అన్నీ గంపలో పెట్టేసింది. చొక్కాలు తొడుక్కుని వచ్చిన ఆడాళ్లు గంప చూసుకున్నారు, అరుగు మీది తొమ్మిదీ చూశారు, ట్రాలీ ఎక్కి కూర్చున్నారు. లిడియా ఎక్కలేకపోతుంటే రెబ్కా చేయందించింది.

గోపాలకృష్ణ గారు గట్టు మీద నిలబడి దిగేవాళ్లని ఒక్కొక్కరినే చూశాడు. ఒకామెకి మోకాళ్ల నొప్పులు. ఒకామె చంటిపిల్లని చంకనేసుకొచ్చింది. ఆఖర్న లిడియా దిగింది.

"వీళ్లేనా నీ మంచి చేతులు?"

"వీళ్లేనండి."

"జమీలా ఏదీ?"

"వేరే పనికెళ్లిందండి."

ఆయన తిట్టలేదు. తిట్టినా బాగుండేది. కాయ పండి ఉంది, ఇప్పటికిప్పుడు ఇంకో ముఠాని ఎక్కణ్ణుంచి తెస్తాడు? "ఇవాళ్టికి కానివ్వు. నేను పదన్నాను, పదకొండు అనలేదు. రేపట్నుంచి ఒకరిని తగ్గించు," అని లిడియా వైపు ఒకసారి చూసి మోటారు దగ్గరికి వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం తుమ్మచెట్టు నీడలో క్యారేజీలు విప్పుకున్నారు. రెబ్కా తింటోంది, ఏం కూరో తెలీడం లేదు. మహిమ పక్కకి జరిగి, "వదినా, వాళ్ల మీద కోపం పెట్టుకోకు," అంది. "మొన్న శనివారం నువ్వు లిడియమ్మ వాళ్లింట్లో చాలాసేపు కూర్చున్నావంట కదా. జమీలక్క చూసి వచ్చి అందరికీ చెప్పింది. రెబ్కక్క తనవాళ్లని, పెద్దవాళ్లని పెట్టుకుంటోంది, ఎక్కడైనా బతకగలిగినవాళ్లని వదిలేస్తుంది, అందులో తప్పేముంది అంది. నీ చేత మన క్యారేజీలు పక్కన పెట్టించి నిన్ను బాధపెట్టడం దేనికి, మనమే తప్పుకుందాం అన్నారు. నన్నూ రమ్మన్నారు. మా అమ్మ అంత దూరం పంపనంది."

రెబ్కా చేతిలో ముద్ద చేతిలోనే ఉంది. నాలుగడుగుల అవతల లిడియా తలొంచుకుని తింటోంది. ఆవిడకి వేళ్లే వంగవు గానీ చెవులు బాగా పనిచేస్తాయి.

"నువ్వు ఆ రోజు వచ్చింది నన్ను రావద్దని చెప్పడానికేగా," అంది లిడియా, తల ఎత్తకుండానే.

రెబ్కా ముద్దని తిరిగి గిన్నెలో పెట్టేసింది.

"నాకు తెలుసే. నీ మొహం చూస్తే తెలీదా? చెబుతావేమోనని రెండో గ్లాసు కూడా పోద్దామనుకున్నా. చెప్పకుండా లేచిపోయావు. చెప్పలేదుగా, అందుకే వచ్చా." చేయి కడుక్కుని, ఎవరికోసమూ ఆగకుండా తన సాల్లోకి వెళ్లిపోయింది.

సాయంత్రం రెబ్కా ఇంటికెళ్లి నోటుబుక్కు తెచ్చుకుని చర్చి అరుగు మీద కూర్చుంది. తొమ్మిది క్యారేజీలూ పొద్దున పెట్టినచోటే ఉన్నాయి. వ్యాను దిగి తొమ్మిది మందీ వాటి కోసం వచ్చారు. దూరం నుంచే ఆమెని చూసి నడక తగ్గించారు. పేటలో ఎవరూ ఎప్పుడూ చేయని పని రెబ్కా చేసింది. నోరు తెరిచి చెప్పింది.

"మీ తొమ్మిది మందీ ఉన్నారే ఇందులో. చూసుకోండి."

జమీలా నోటుబుక్కు తీసుకుంది. చదవడం వచ్చు ఆమెకి. మొదటి పేరు మీద వేలు పెట్టింది. వెనకనున్నవాళ్లు మెడలు సాచి తమ పేర్లు వెతుక్కున్నారు.

"నాదే మొదట రాశావా అక్కా?"

"నీదే."

"ఈ ముక్క శనివారం కుళాయి దగ్గర అంటే ఏం పోయేది?"

నువ్వడిగితే ఏం పోయేదే అని తిరిగి అనొచ్చు. రెబ్కాకి అనాలనిపించలేదు.

"రేపు వచ్చేస్తారా?" అంది.

జమీలా నోటుబుక్కు మూసి ఆమె ఒళ్లో పెట్టింది. "ఉగాది దాకా వస్తామని వాళ్లకి మాటిచ్చామక్కా. మాటిచ్చాక మానకూడదని మాకు చెప్పిందే నువ్వు." పచ్చమూత క్యారేజీ తీసుకుంది. మిగతా ఎనిమిది మందీ తమవి తీసుకున్నారు. అరుగు ఖాళీ అయింది.

రెబ్కా లేచి చీర దులుపుకుని నేరుగా లిడియా ఇంటికి వెళ్లింది. లిడియా గడపలో కూర్చుని వేళ్లకి ఆముదం రాసుకుంటోంది. కోడిపిల్లలు కాళ్ల దగ్గర తిరుగుతున్నాయి. రెబ్కా కూర్చోలేదు. కూర్చుంటే చెప్పలేనని తెలుసు.

"అత్తా, రేపట్నుంచి నువ్వు రావద్దు. ఆయన పది మందే చాలన్నాడు. నీ చేతులు ఆడటం లేదు."

లిడియా ఆముదం గిన్నె పక్కన పెట్టింది. చేతులు రెండూ ఒకసారి తిప్పి చూసుకుంది.

"సరేనే," అంది. "చెప్పావుగా."

లేచి లోపలికెళ్లి తన క్యారేజీ గిన్నెలు విడదీసి గూట్లో బోర్లించింది. పొయ్యి మీద టీకి నీళ్లు పెట్టింది. రెబ్కా వచ్చి గడపలో కూర్చుంది. ఈసారి లిడియా రెండో గ్లాసు కూడా పోసింది.