వాలుకోత

మెత్వల్లీ ముందు ప్లగ్గు పీకాడు. ఆ తర్వాతే రంపపు బల్ల కింద పిడి తిప్పి బ్లేడును వాల్చాడు. కోణపు పలకను దానికి ఆనించి, ఒక కన్ను మూసి, సందులో వెలుతురు దూరనంతవరకూ సరిచేశాడు. చెక్కను ఆనించి నడిపే ఇనుప పట్టీని, బ్లేడు వాలిన వైపు కాక రెండో వైపు బిగించాడు. వాలిన వైపే ఉంచితే చెక్క మధ్యలో ఇరుక్కుని గాడిద తన్నినట్టు వెనక్కి తన్నుతుంది. బీరువాలకూ మంచాలకూ పేరుపడ్డ మా దమియెట్టా ఊళ్లో ఈ సంగతి తెలియని వడ్రంగి లేడు. అయినా సగం మందికి వేళ్లు సగమే.

మెత్వల్లీకి పదీ ఉన్నాయి. కణుపులు ఉబ్బి, గోళ్ల సందుల్లో చెక్కపొడి పేరుకుని ఉన్నాయి. ఉండి ఏం లాభం? భార్య ఇనాయత్ పోయాక ఆ ఇంట్లో మాటన్నదే లేదు. అతిథి వస్తే "భోంచేస్తారా, ఖాళీ కడుపుతో తేలిగ్గా పడుకుంటారా?" అని అడుగుతామని కైరో వాళ్లు మా పిసినారితనాన్ని వెక్కిరిస్తారు. అతన్ని ఆ ముక్కయినా అడిగే దిక్కు లేదు, పాపం! పొద్దస్తమానం చప్పుడు చేసే ఈ రంపమే అతనికి తోడు. ఇది కూడా పోతే ఎలాగన్నదే అతని భయం.

మధ్యాహ్నం షాపు యజమాని వగ్దీ రొట్టె, ఉప్పటి తెల్ల చీజ్ తెచ్చాడు. యజమానే అయినా, పెద్ద మేస్త్రీ అన్న గౌరవంతో మెత్వల్లీని 'ఉస్తా' అనే పిలుస్తాడు.

"ఉస్తా, దానితో కాపురం చాలు, రండి! చల్లారిపోతోంది."

"చీజ్ చల్లారేదేమిట్రా?"

"నా ఓపిక చల్లారుతోంది. పోనీ, ఒక సంబంధం చూడమంటారా?"

"చూడు. ఈ రంపం కన్నా గట్టిగా అరిచేదై ఉండాలి."

వగ్దీకి నవ్వాగలేదు. మెత్వల్లీ కూడా నవ్వి, చేతులు కడుక్కున్నాడు.

తిన్నాక పక్క షాపు వాళ్లు నిటారుగా కోయాల్సిన పలక పంపారు. బ్లేడు నిటారుగా లేపి, పట్టీని మామూలు వైపుకు మార్చి కోసిచ్చాడు. ఆ తర్వాత మళ్లీ పొద్దుటి పనే, ఎవరిదో పెళ్లి బీరువా అంచులకు వాలుకోత. ప్లగ్గు పీకాడు, బ్లేడు వాల్చాడు, కోణం చూసుకున్నాడు. పట్టీని మాత్రం తిరిగి మార్చలేదు.

తోపుకర్రతో నెడుతుంటే కోత ముగిసేచోట ఫట్‌మంది. ఎప్పటిలాగే పక్కకు నిలబడ్డాడు కాబట్టి సన్నటి చెక్క అతని నడుము పక్కనుంచి దూసుకుపోయి తలుపులో దిగింది. వగ్దీ అప్పుడే ఆ తలుపు దాటి బయటికెళ్లాడు.

చప్పుడుకి వెనక్కి పరిగెత్తుకొచ్చాడు. "ఏమైంది ఉస్తా?"

"పట్టీ మార్చలేదు."

"పోనీలెండి, ఎవరికీ ఏం కాలేదుగా. దేవుడు కాపాడాడు."

"ఇవాళ కాపాడాడు." మెత్వల్లీ ప్లగ్గు పీకి, బల్ల మీది పొడి తుడిచాడు. "రేపట్నుంచి రాను, వగ్దీ."

"ఒక్కసారి మరిచిపోయినందుకేనా? ఇంట్లో ఒక్కరే కూర్చుని ఏం చేస్తారు?"

"ఏమో రా, నాకూ తెలీదు."

జోళ్లు తొడుక్కుని, మిగతా షాపుల రంపాలు మోగుతున్న సందులోకి దిగి వెళ్లిపోయాడు. వగ్దీకి ఏడుపొచ్చింది.

తలుపులో దిగిన చెక్కను లాగి చూశాడు. రాలేదు. బయటికి పొడుచుకొచ్చిన దాని అంచు నున్నగా ఉంది, వాలు వెంట్రుకవాసి కూడా తప్పలేదు.