కళ్ళజోడులో యోగీశ్ రాయి

నాకు నోరెక్కువని వల్లూరంతా అంటారు. అననీ. మా అమ్మ గుండమ్మకు అసలు నోరే లేదు. ఇంట్లో ఒకరికైనా ఉండాలి కదా.

మాకున్నది ఊరి పడమర వేరుశనగ చేను ఒక్కటే. ఆ చేను నడుమ ఒక రాయి పాతి ఉండేది. దాని కింద నా తమ్ముడు యోగీశ్ ఉన్నాడు. ఆరో తరగతిలో ఉండగా, వేరుశనగ చెట్లు పీకే రోజుల్లో పాము కరిచి పోయాడు. మా వాళ్ళలో పోయినవాళ్ళను సొంత చేన్లోనే పూడుస్తారు. ఏటా పెద్దల అమావాస్యకు అమ్మ వాడికి ఇష్టమైన బెల్లం ఓళిగలు, అదే బొబ్బట్లు, చేసి, ఆ రాయి ముందు పెట్టి, వాడితో కాసేపు మాట్లాడి వచ్చేది. మాకది వింతేమీ కాదు.

చుట్టుపక్కల చేలన్నీ సోలార్ కంపెనీల గుత్తకు పోయాయి. మా అమ్మ ఒక్కతే ససేమిరా అంది. "నా బిడ్డ ఆడ పండుకోనుండాడు" అనేది. వానలు మొహం చాటేసినా, బోరు ఎండిపోయినా, వేసిన విత్తనం కూడా తిరిగి చేతికి రాకపోయినా అదే మాట. ఇంట్లో పొయ్యి వెలిగేది నేను పక్క ప్లాంటులో సోలార్ పలకలు కడిగి తెచ్చే కూలితోనే.

హనుమంతరాయ కంపెనీకి భూములు కుదిర్చే మనిషి. వరసకు నాకు మామ. ఎదుటివాళ్ళ చెవిలో పూలు పెట్టడంలో ఆయన తరవాతే ఎవరైనా. ఒకరోజు మిట్టమధ్యాహ్నం బెంగళూరు ఇంజనీరు మంజునాథ్‌ను వెంటబెట్టుకుని నేరుగా చేన్లోకే వచ్చాడు. ఇంజనీరు చేతిలో వెల్డింగువాళ్ళు పెట్టుకునేలాంటి పెద్ద నల్ల కళ్ళజోడు.

"గుండక్కా, నా మాట నమ్మొద్దు. దీన్ని పెట్టుకోని నీ చేను రేపు ఎట్లుంటాదో నీ కండ్లతో నువ్వే చూడు" అన్నాడు మామ.

మా వైపు చేను అమ్మినా గుత్తకిచ్చినా ఒక పద్ధతి ఉంది. కాగితం తరవాత. ముందు ఇచ్చేవాళ్ళూ పుచ్చుకునేవాళ్ళూ కలిసి చేనంతా తిరుగుతారు. చెట్టు దగ్గర, గట్టు దగ్గర నిలబడి, ఇది ఉంటుంది, ఇది పోతుంది అని చేత్తో చూపి ఒప్పుకుంటారు. అట్లా నిలబడి ఒప్పుకున్న మాటను ఎవరూ తప్పరు. అమ్మ లెక్కలో కళ్ళజోడు పెట్టుకుని చూడటం కూడా అదే.

అమ్మ దాన్ని తగిలించుకుని అడుగులో అడుగు వేసుకుంటూ పోయింది. రాయి దగ్గరికి పోయి చతికిలబడింది.

"రత్నా, అంతా పలకలే! రాయి కాడ మాత్రం సందు ఇడిసినారు సూడే" అని రాయిని తడిమింది. ఎన్నేళ్ళకో ఆమె మొహంలో నవ్వు చూశాను.

నేను కూడా పెట్టుకుని చూశాను. అబద్ధమెందుకు, నిజంగా అట్లాగే ఉంది. చేనంతా వరుసలు వరుసలుగా నీలి పలకలు. రెండు వరుసల మధ్య సందు. ఆ సందులో మా రాయి, దాని మీద అమ్మ పూసిన పసుపుతో సహా. అయినా నా అనుమానం నాది.

"మామా, ఈ రాయిని ముట్టరు కదా? రేపు కూడా ఇట్లే ఉంటాదా?"

హనుమంతరాయ కన్నడంలో ఇంజనీరును అడిగాడు. అతను చెమట తుడుచుకుంటూ, ఫోన్లోంచి తల ఎత్తకుండానే ఊ కొట్టాడు.

"కండ్లకు ఎట్ల కనపడతాందో అట్లే ఉంటాది పాపా. ఇంకేం కావల్ల?" అన్నాడు మామ.

ఆ సాయంత్రమే అమ్మ వేలిముద్ర వేసింది.

పనులు జరిగినన్నాళ్ళూ కంచె లోపలికి ఎవర్నీ రానివ్వలేదు. పెద్దల అమావాస్య రోజు ఓళిగలు మూటగట్టుకుని అమ్మా నేనూ పోయాం. నా మొహం తెలుసు కాబట్టి వాచ్‌మన్ గేటు తీశాడు. లోపల ఏ సందు చూసినా ఒకటే. అమ్మ వంగి వంగి ఒక్కో సందూ వెతికింది.

"ఇదేనా రత్నా? కాదేమోనే..."

చివరికి అవతలి కొండ మొన, ఇవతలి మా పాత గట్టు చూసుకుని చోటు పట్టింది నేనే. అక్కడ రాయి లేదు. సిమెంటు పోసి నాటిన ఇనుప స్తంభం ఉంది. అమ్మ ఆ సిమెంటు మీద చెయ్యి పెట్టి అట్లాగే కూలబడింది. ఆమె కంట చుక్క నీరు రాలేదు. నేనే గొంతు చించుకున్నాను.

"మీ ఇండ్లు కూలిపోనూ! మీ చేతులు పడిపోనూ!"

నా కేకలకు మంజునాథ్, వెనకే హనుమంతరాయ పరుగెత్తుకొచ్చారు. సంగతి విని ఇంజనీరు మొహం పాలిపోయింది. ప్లాంటు పనిలో నాకు అలవాటైన కన్నడంలోనే మెల్లగా చెప్పాడు.

"ఆ కళ్ళజోడు చూపించేది పలకలను మాత్రమే అమ్మా. రాయిని అది చూపించలేదు. ఆ రోజు రాయి అక్కడే ఉంది కాబట్టి అద్దంలోంచి మామూలుగా కనిపించింది. మా ప్లాన్లో రాయే లేదు."

"మరి ఆ సందు?"

"ఎండ ఎక్కువైతే దానికి గురి తప్పుతుంది. వరుసలు కాస్త పక్కకు జరిగి కనిపించాయి. అసలు కొలత ప్రకారం స్తంభం ఇక్కడికే వస్తుంది. డెమోలో అట్లా అవుతూ ఉంటుంది."

డెమో అట! నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మా అమ్మ తన కొడుకును అప్పజెప్పింది ఆ డెమోను చూసే కదా.

హనుమంతరాయ మధ్యలో దూరాడు. "ఊరుకో గుండక్కా. సారుతో చెప్పి రాయి బొమ్మను దాంట్లో పెట్టిస్తా. ఏటా వచ్చి ఆ కండ్లజోడు పెట్టుకో. రాయి ఈడనే కనపడతాది. దాని మీద పూలు కూడా పెట్టిస్తా."

వెటకారమాడుతున్నాడేమో అనుకున్నాను. కాదు. పాపిష్టి మనిషి, మనస్ఫూర్తిగానే అంటున్నాడు. చెయ్యి చేసుకునేదాన్నే, అమ్మ నా కొంగు పట్టి ఆపింది. వచ్చినప్పటి నుంచి అప్పుడే ఆమె వాళ్ళతో నోరు విప్పింది.

"బొమ్మ నాకొద్దు సామీ. ఈడ తవ్విన మన్ను యాడ పోసినారు? అది సెప్పు సాలు."

ఇంజనీరు మామ వైపు చూశాడు. మామ నేల చూపులు చూస్తూ ఆ మాట కన్నడంలో చెప్పాడు. ఇంజనీరు గేటు వైపు చెయ్యి చూపించాడు. చేను చదును చేసిన మన్నంతా గేటు నుంచి తిరుమణి రోడ్డు దాకా కొత్త దారికి పోశారట. రోలరుతో తొక్కించారట.

"ఆ దారిలో యాడ?" అంది అమ్మ.

అతనికి తెలియదు. ఎవరికీ తెలియదు.

అమ్మ లేచింది. గేటు దాటగానే చెప్పులు విడిచి చేతిలో పట్టుకుంది. దారి పక్కన జాలి తుమ్మ ముళ్ళు ఏపుగా పెరిగి ఉన్నాయి. ఆమె వట్టి కాళ్ళతో వాటిలోకి దిగింది. నేను ఏడుస్తూ దారి మీదే నడవబోతుంటే, రెక్క పట్టి ముళ్ళలోకి లాగింది.

"తొక్కొద్దే రత్నా. తమ్ముడు యాడుండాడో ఏమో."