ఉభయం వైరు

కరెంటు పనిచేసే దేవరాజులు చింతాద్రిపేట వైరు కొట్టువాళ్ళ దగ్గర కమిషన్ తిన్నాడని కుళాయి దగ్గర వల్లి చెప్పిందట. వల్లి కంటితో చూసింది కాదు. ఆమెకు ఇడ్లీలమ్మే మనిషి చెప్పిందట, ఆ మనిషికి ఎవరు చెప్పారో ఆమెకే గుర్తు లేదట. కమిషన్ తినకపోతే పుణ్యానికి వచ్చిన వైరుకు వంకలెందుకు పెడతాడు, లావు వైరే కొనాలని ఎందుకు పట్టుబడతాడు అని వల్లి అడిగిందట. బిందెలు నిండేలోగా వ్యాసర్పాడిలోని ఆ తెలుగువీధి మొత్తం అది నిజమేనని ఒప్పుకుంది.

ఆ మాట నిచ్చెన మీదున్న దేవరాజులుకు మిట్టమధ్యాహ్నం ఎండలో చేరింది. అతను కిందికి దిగలేదు, నోట్లో పట్టుకున్న మేకులు తీయలేదు. నిన్న వద్దన్న ఆ వైరునే ఇవాళ కొబ్బరాకుల కప్పులోకి దూర్చి కడుతున్నాడు.

కప్పు కింద పాతికమంది పిల్లలు పడుకుని ఉన్నారు. భజనమందిరాన్ని ఆనుకుని వేసిన ఆ పాకలో చెంగమ్మ పిల్లల్ని చూసుకుంటుంది. చేపల మార్కెట్టుకూ గూడ్సు యార్డుకూ పోయే తల్లులు తెల్లారకముందే బిడ్డల్ని ఆమె చేతికిచ్చి పోతారు. ఆదివారమైనా అంతే. ఊరి పేరు చెన్నైగా మారింది గానీ ఆ నేలకు పట్టా రాలేదు, పట్టా లేనిచోటికి కరెంటు రాలేదు. ఇన్నేళ్ళూ కిరసనాయిలు బుడ్డి వెలుగులోనే చెంగమ్మ ఏ బిడ్డ ఎవరిదో పోల్చుకునేది.

పోయిన నెల లక్ష్మీప్రియ అనే ఇంజనీరమ్మ ఒక సేవాసంస్థ తరఫున సోలార్ పలక తెచ్చి మందిరం మిద్దె మీద పెట్టించింది. బ్యాటరీ ఇచ్చింది. వైరు మాత్రం వీధివాళ్ళు సమకూర్చుకోవాలంది. ఇది పన్నెండు వోల్టులదే, ముట్టుకున్నా షాక్ కొట్టదు అని ఆమె చెప్పినంతవరకూ అందరూ విన్నారు. వోల్టులు తక్కువ కాబట్టే అవే దీపాలకు వైరులో కరెంటు ఎక్కువ పారాలి, సన్న వైరైతే కాగుతుంది, అందుకే లావు రాగివైరును గొట్టంలోంచి లాగి బ్యాటరీ పక్కనే ఫ్యూజు పెట్టాలని రూలు ఉంది అని ఆమె చెప్పే వేళకు కాఫీలొచ్చాయి. ఆ మాటలు దేవరాజులు ఒక్కడి చెవిన పడ్డాయి, అది అతని పని కాబట్టి.

వైరు యతిరాజులు ఇచ్చాడు. ఆయనకు హార్డ్‌వేర్ కొట్టుంది, అందుకే వీధివాళ్ళకు ఆయన మొదలాళి, అంటే యజమాని. మందిరం కమిటీ కూడా ఆయనే. స్వామి పేరు మీద ఎవరేమిచ్చినా ఆ వీధిలో ఉభయం అంటారు. ఉభయానికి వెల అడగరు, వంక పెట్టరు, తిరిగివ్వరు. ట్యూబులైట్లూ ఆయన ఉభయమే. వాటి మీద తండ్రిగారి పేరు ఎంత లావుగా రాయించాడంటే సగం వెలుగు ఆ పేరు వెనకే ఆగిపోతుంది. వైరు మాత్రం అంత లావు లేదు. తిరునాళ్ళలో రంగుబల్బుల తోరణాలకు కట్టే సన్న జంటవైరు, కొట్లో ఏళ్ళతరబడి అమ్ముడుపోకుండా పడివున్నది. రూలు ప్రకారం కొంటే పన్నెండువందలయ్యేది. దేవరాజులుకు రోజుకూలి తొంభై, అదీ యతిరాజులు పిలిచి పని ఇప్పించిన రోజునే.

నాలుగున్నరకు రాహుకాలం. ఆలోగా దీపం వెలగాలని యతిరాజులు కబురు పెట్టాడు.

మూడు గంటలకు దేవరాజులు నిచ్చెన దిగాడు. చెంగమ్మ అతని ముందుకొచ్చి నిలబడింది.

"ఏమబ్బయ్యా, నిన్న ఈ వైరు కూడదంటివే?"

"అన్నాను. దానికేగదక్కా నన్ను దొంగను చేసిరి."

"దొంగ సంగతి ఆడుండనీ. ఇది కట్టొచ్చునా, కూడదా?"

అతను పోయి మందిరంలోని స్విచ్చి వేశాడు. పాకలో దీపాలన్నీ ఒక్కసారిగా వెలిగాయి, ఫ్యాను తిరిగింది. పని నుంచి అప్పుడే వచ్చిన తల్లులు చప్పట్లు కొట్టారు. చెంగమ్మకూ సంతోషమే. కాసేపు తలెత్తి చూస్తూ నిలబడింది. తర్వాత ఎందుకో పీట వేసుకుని ఎక్కి, చీర ఉయ్యాలకు పైగా పోయిన వైరును పట్టుకుంది. జ్వరమొచ్చిన బిడ్డ ఒళ్ళులా ఉంది. చేయి తీసి మళ్ళీ పెట్టింది. దాని పక్కనే ఎండిన ఆకు గలగలమంటోంది. పోయిన వేసవిలో పక్కవీధి గుడిసెలు అంటుకున్నప్పుడు రెండు చంకల్లో ఇద్దరు బిడ్డలతో ఆమె పరుగెత్తింది.

దీపాలు ఆర్పమంది. దేవరాజులు ఆర్పాడు. అప్పుడు అతనికి నోరొచ్చింది.

"ఇప్పుడుండేది వేడేనక్కా. నాలుగుదినాలకు తొడుగు మెత్తబడుతుంది. లేదంటే ఎలక కొరుకుతుంది. రెండు తీగలూ కలిసినాయంటే ఆపేదానికి ఫ్యూజు లేదు. షాక్ కొట్టదు, మంటే."

చెంగమ్మ నిద్రపోయే పిల్లల్ని ఒక్కొక్కరినే ఎత్తి మందిరం అరుగు మీదికి చేర్చింది. దేవరాజులు మళ్ళీ నిచ్చెన ఎక్కి వైరు విప్పాడు.

హారతి పళ్ళెంతో, పూలదండతో యతిరాజులు వచ్చేసరికి వైరు చుట్ట అరుగు మీద ఉంది. సంగతి విని ఆయన కోప్పడలేదు, నవ్వాడు. బ్యాటరీకి ఇంకా తగిలించే ఉన్న పొట్టి తీగల కొసలు రెండూ రెండు చేతుల్తో పట్టుకుని అందరికీ చూపించాడు. తనకేమైనా అయిందా అని అడిగాడు. తల్లులు ఒకరి ముఖం ఒకరు చూసుకుని తలలూపారు. వల్లి అందరికంటే ముందు ఊపింది. దేవరాజులుకు రేపటినుంచి పని చింతాద్రిపేటవాళ్ళే ఇస్తారులే అన్నాడు. పిల్లల్ని చూసేందుకు నెలకు మూడువందలిస్తే ఆయాలు దొరక్కపోరని కూడా, ఎవరినీ చూడకుండా అన్నాడు. దేవరాజులు తల వంచుకున్నాడు గానీ వైరు ముట్టుకోలేదు.

నాలుగున్నర కావస్తోంది. యతిరాజులు గొంతు తగ్గించాడు.

"చెంగమ్మా, స్వామికిచ్చిన ఉభయాన్ని వద్దన్న వీధి ఏడన్నా బాగుపడిందా? నువ్వే చెప్పు."

చెంగమ్మ వైరు చుట్ట తీసి హారతి పళ్ళెం పక్కన పెట్టింది.

"స్వామికిచ్చింటే స్వామి తలమీదనే కట్టుకోండి మొదలాళి. ఆయన రాయి, కాలడు. ఈడ పండుకునేది పిలకాయలు."