శుక్రవారానికీ శనివారానికీ మధ్య ఇరుక్కున్న పెనం

మాటలు ఆపండి. ఆ వెనక నుంచున్నవాళ్లు కూడా ఇటు జరగండి. చట్నీ కోసం గిన్నె లాక్కుంటున్నవాళ్లు ఒక్క నిమిషం దాన్ని కింద పెట్టండి. దగ్గరికి రండి గానీ మరీ మీద పడకండి, నేను కాలుతున్నాను. నాకు చదువు లేదు, చూసింది చూసినట్టు చెబుతాను. చెప్పేదాంట్లో ఎక్కడైనా అబద్ధం తగిలితే రాయి తగిలినట్టు ఏరి పక్కన పెట్టేయండి, మిగతాది నమలండి.

నేను ఒక ఇనుప పెనాన్ని. పుట్టుకతోనే పెనాన్ని కాదు. అంతకుముందు ఓ పెద్ద ఓడ అడుగున రేకుని. ఇరవై ఏళ్లు సముద్రం మీద పడుకుని తిరిగాను. ఓడ ముసలిదైపోయాక ముక్కలు చేశారు, నా ముక్క తుని దగ్గర ఓ రేకుల షెడ్డుకి చేరింది. అక్కడ నూకరాజు అనే పనివాడు నన్ను గుండ్రంగా కోసి, పట్టుకోవడానికి రెండు చెవులు అతికాడు. కోస్తున్నప్పుడు లేచిన నిప్పురవ్వలు చూసి, తెల్లారిపోయిందనుకుని చుట్టుపక్కల నాలుగు ఊళ్ల కోళ్లు కూశాయి. ఇరవై కిలోల బరువు, ఒకేసారి ఆరు అట్లు పోయగలిగే వెడల్పు. నన్ను ఎక్కించుకున్న ట్రాలీ ఆటో సామర్లకోట దాకా ముందు చక్రం గాల్లోనే పెట్టుకుని వచ్చింది.

సామర్లకోటలో ధాన్యలక్ష్మి హోమ్ బజార్ అని ఓ పెద్ద కొట్టు. గరిటె నుంచి గంగాళం దాకా దొరుకుతాయి. కింది అరలో, గోడవారగా నన్ను నిలబెట్టారు. మొదట్లో వచ్చినవాళ్లంతా నన్ను వేలితో కొట్టి చూసేవారు. తర్వాత ఓ వింత మొదలైంది. కొట్టులోకి ఎవరూ రాకుండానే సామాన్లు అరల్లోంచి దిగిపోవడం. ఎక్కడో ఇంట్లో కూర్చుని ఫోను మీద వేలు నొక్కుతారు. ఇక్కడ కౌంటరు కుర్చీలో కూర్చునే మోషే అనే మనిషి లేచి, ఆ వస్తువు తీసి, పేరు రాసిన కాగితం అంటించి, గుమ్మం పక్కనున్న వేరే అరలో పెడతాడు. రెండు రోజులు అది ఆ పేరుగలవాళ్లదే. ఆ రెండు రోజుల్లో వాళ్లు రావాలి, ఫోనుకి వచ్చిన ఆరంకెలు చెప్పాలి, డబ్బు కట్టి పట్టుకుపోవాలి. రాకపోతే కౌంటరు మీద లెక్క చూసే మిషను దాన్ని వదిలేస్తుంది, వెనకాల వరసలో ఉన్నవాళ్లకి కబురు వెళ్తుంది.

సముద్రం చూసినదాన్ని నేను. తుఫానులు చూశాను. కానీ కనపడని వేలు ఒకటి వచ్చి ఊరవతల నుంచి ప్రెషర్ కుక్కర్‌ని ఎత్తుకుపోవడం చూసినప్పుడు నా ఇనుమంతా జలదరించింది.

మనుషులకి మాత్రం ఆ వింత వింతగా లేదు. ఓ పెద్దమనిషి గంగాళం చెప్పుకున్నాడు. ఫోనులో బొటనవేలంత కనపడిందట, స్కూటరు డిక్కీలో పెట్టుకుందామని వచ్చి, దాని పక్కన అరగంట నిలబడి వెళ్లిపోయాడు. ఇంకొకాయన కొట్టులోనే, ఇడ్లీ పాత్రల ఎదురుగా నిలబడి, ఫోనులో ఇడ్లీ పాత్ర చెప్పుకుని, సిద్ధమైందని కబురు వచ్చేదాకా స్టూలు మీద కూర్చున్నాడు. మొగుడూ పెళ్లామూ ఒకరికి తెలియకుండా ఒకరు, పెళ్లిరోజుకని ఒకే రకం మిక్సీ చెప్పుకుని, గుమ్మం దగ్గర ఎదురుపడ్డారు. రెండు మిక్సీలూ అరలోనే ఉండిపోయాయి. వాళ్లిద్దరూ మాత్రం పోట్లాడుకుంటూ కలిసే వెళ్లారు.

ఓ గురువారం సాయంత్రం ఏడింటికి నా వంతు వచ్చింది. మోషే వచ్చి నా మెడ మీద కాగితం అంటించాడు. లోవకుమారి అని రాసి ఉందట. ఆ వేలు నన్ను తాకలేదు, ఫోను గాజుని తాకింది. అయినా నేను అరలో ఉలిక్కిపడ్డాను.

లోవకుమారి పదకొండేళ్లు ఎవరి హోటల్లోనో ఎవరి పెనం మీదో అట్లు పోసిన మనిషి. నర్సింగ్ హాస్టల్ గేటు పక్కన టిఫిన్ బండి పెట్టుకునే చోటు ఆ బుధవారమే ఖాళీ అయింది. నూట ఇరవైమంది ఆడపిల్లలు, ఆదివారం వాళ్ల మెస్సుకి సెలవు. ఆదివారం పొద్దున్న ఆరింటికి పొయ్యి వెలిగితే చోటు నీది, వెలగకపోతే అడిగినవాళ్లు ఇంకా ముగ్గురున్నారు అని హాస్టల్ వార్డెనమ్మ చెప్పేసింది. బండి ఉంది, పొయ్యి ఉంది. ఇంట్లో ఉన్నది ఒక్క అట్టు పట్టే చిన్న పెనం. పెళ్లిళ్ల రోజులు కావడంతో ఊళ్లో పెద్ద పెనాలన్నీ అయిపోయి నేనొక్కదాన్నే మిగిలాను. హోటల్లో ఆఖరి రోజు పని మధ్యలో, పిండి చేత్తోనే ఫోను నొక్కి నన్ను తన పేర ఆపించింది.

శుక్రవారం ఆమె రాలేదు. శనివారం మధ్యాహ్నం అయినా రాలేదు. నా తర్వాతి వరసలో ఉన్న కేటరింగు వీర్రాజు నాలుగింటికే వచ్చి నా ఎదురుగా కుర్చీ వేసుకున్నాడు.

అయిదున్నరకి ఆటో ఆగింది. ముందు ఓ పెద్దావిడ దిగింది, తర్వాత లోవకుమారి దిగింది. ఒక చేతిలో స్టీలు క్యాను, ఇంకో చేతిలో సంచి.

"లోవకుమారి గారాండి?" అన్నాడు మోషే. "రెండ్రోజుల్నించి చూత్తన్నానమ్మా. ఏడింటికి మిషను దానంతటదే వదిలేత్తాది. ఈయనేమో కాసుక్కూర్చున్నారు."

"కాసుక్కూర్చోలేదు బాబూ," అన్నాడు వీర్రాజు. "కుర్చీ ఖాళీగా ఉంటే కూర్చున్నాను."

"నిన్ననే వచ్చేద్దును గానండి," అంది లోవకుమారి, "శుక్కురారం నాడు ఇంట్లోంచి డబ్బు తియ్యనివ్వదండి మా అత్త."

"సరే, ఇయ్యాల వచ్చారుగా. తీసుకెళ్లిపోండి."

"ఇయ్యాల శనారం కదండి. ఇనుము తీసుకెళ్లకూడదు."

మోషే వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాడు. "శుక్రవారం డబ్బులివ్వకూడదు, శనివారం ఇనుము పట్టుకెళ్లకూడదు. మరి గురువారం సాయంత్రం ఎందుకు నొక్కారమ్మా?"

"నొక్కేటప్పుడు పెనం కనపడింది గానీ వారం కనపడలేదండి."

పెద్దావిడ పేరు చిట్టెమ్మ. కుర్చీ కోసం చూసింది, వీర్రాజు లేచి తనది ఇచ్చాడు. "నవ్వుకుంటే నవ్వుకో బాబూ," అంది మోషేతో. "మా ఆయన శనారం నాడు ఇనప మంచం తెచ్చాడు. వద్దంటే విన్నాడు కాదు. ఏడాది తిరక్కుండా ఆ మంచం మీదే పడిపోయి మూడేళ్లు లెగలేదు. నా కోడలు ఇరవై కిలోల ఇనుము శనారం నాడు ఇంటికి తెత్తానంటే నేనెలా ఊరుకుంటాను?"

మోషే నవ్వలేదు. వీర్రాజు కూడా నవ్వలేదు.

"ఇనుము తేనుగా అత్తా," అంది లోవకుమారి. క్యాను మూత తీసి బల్ల మీద పెట్టింది. పులిసిన పిండి. "పొద్దున్నంతా ఇదే మాట మీద ఉన్నాం బాబూ. ఇనుము రాకూడదంది, ఒప్పుకున్నాను. మరి అట్టు పోసిన పెనం ఇనుమా అని అడిగాను. అట్టు చిరక్కుండా, గోకకుండా, దానంతటది లెగిస్తే అన్నం పెట్టే తల్లే, ఇనుము కాదంది. అంటుకుంటే మటుకు ఇనుమే అంది. మీ కొట్లో పెద్ద పొయ్యి వెలిగించి చూపిత్తారు కదా, ఒక్క గంట ఇవ్వండి."

మోషే నా వంక చూశాడు. పొయ్యి వంక చూశాడు. "పొయ్యెక్కిన సరుకుని మా వోనరు వెనక్కి పెట్టనివ్వడండి. అట్టు అంటుకుంటే నా ఉద్యోగం కూడా అంటుకుపోద్ది."

"అంటుకుంటే నేను తీసుకుంటానులే," అన్నాడు వీర్రాజు. "మాడిన పెనమైనా పెళ్లివాళ్లకి తెలీదు."

అలా నన్ను మొదటిసారి నిప్పు మీద పెట్టారు. మీకు తెలియని మాట ఒకటి చెబుతాను. కొత్త ఇనుము పిండిని వదలదు. వదలకూడదని కాదు, వదలడం దానికి ఇంకా రాదు. ఏ ఇంట్లోనైనా కొత్త పెనం మచ్చికవడానికి వారం పడుతుంది. ఆమెకి ఉన్నది గంటన్నర.

చింతపండుతో తోమింది, గంజి నీళ్లతో కడిగింది, తుడిచింది. సంచిలోంచి నూనె సీసా తీసింది, ఉల్లిపాయ సగానికి కోసి ఫోర్కుకి గుచ్చింది. సెగ తగలగానే నాలో ఇన్నేళ్లుగా దాగిన సముద్రమంతా ఆవిరై లేచింది. ఆ ఉప్పు వాసనకి బజారులో చేపలమ్మేవాళ్లు సరుకొచ్చిందేమోనని బుట్టలు పట్టుకుని పరిగెత్తుకొచ్చారు. ఉల్లిపాయతో నా ఒళ్లంతా రుద్దింది, మళ్లీ నూనె, మళ్లీ ఉల్లిపాయ. నల్లగా ఉన్న నేను నీలంగా మారాను, నీలం నుంచి మళ్లీ నల్లగా.

ఆరుంబావుకి మొదటి అట్టు పోసింది. అది నా ఒంటికంతా అంటుకుపోయింది. గోకితే పిండి ముద్దై వచ్చింది.

"ఇనుము," అంది చిట్టెమ్మ.

రెండోది అంచుల దగ్గర లేచింది. నడిమధ్యన చిరిగింది. కొట్లో సామాన్లు తీసుకోవడానికి వచ్చినవాళ్లంతా ఆరంకెలు పట్టుకుని చుట్టూ నిలబడిపోయారు. ఎవరూ వాళ్ల వస్తువులు అడగడం లేదు.

"ఇనుము," అంది చిట్టెమ్మ, ఈసారి కొంచెం నెమ్మదిగా.

ఆరున్నర దాటింది. లోవకుమారి చెయ్యి చాపి పొయ్యి ఆపేసింది.

"అదేంటమ్మా," అన్నాడు మోషే. "టైము లేదు."

"తొందరపడితే ఇంకా కరుచుకుంటాదండి. చల్లారాలి."

అక్కడున్న వాళ్లందరూ గడియారం చూస్తున్నారు, ఆవిడొక్కత్తే నన్ను చూస్తోంది. పిల్లకి జ్వరం చూసినట్టు అరచెయ్యి నా మీద ఎత్తి పట్టుకుని, సెగ దిగడం కోసం ఆగింది. నేను పెను తుఫానుల్లో ఓడ నడిపినవాళ్లని చూశాను. ఎవరికీ అంత నిమ్మళం లేదు. రేపటి పొయ్యి, పదకొండేళ్ల ఆశ, మోషే ఉద్యోగం, అన్నీ నా మీద ఉన్నాయి. ఆవిడ మాత్రం నాకు విశ్రాంతి ఇస్తోంది. ఇనుముకి కళ్లుండవు గానీ, ఉంటే ఆ క్షణాన తడిసేవి.

ఆరూ నలభై అయిదుకి మళ్లీ సన్న మంట. పల్చగా నూనె రాసి, గుడ్డతో అంతా తుడిచేసింది, ఉందా లేదా అన్నంత మిగిల్చి. కాసిని నీళ్లు చిలకరించింది. చుక్కలు నా మీద నిలవకుండా ముత్యాల్లా పరిగెత్తాయి. అప్పుడు గరిటెతో పిండి తీసి మధ్యలో పోసి గుండ్రంగా తిప్పింది.

కొట్టంతా ఊపిరి బిగబట్టింది. అప్పుడే వచ్చిన రైలు కూడా కూత వెయ్యకుండా ఆగిందంటే నమ్మండి. అట్టు అంచు ఎర్రబడింది. ఎర్రబడి, చిన్నగా పైకి ముడుచుకుంది. ఆవిడ అట్లకాడ పెట్టలేదు. నా చెవి పట్టుకుని ఇటు కొంచెం, అటు కొంచెం ఊపింది. నా మీద ఉన్నదేదో నన్ను వదిలేసి, పడవలా జారి, ఒడ్డుకి వచ్చి ఆగింది. వదలడమంటే ఏమిటో నాకు అప్పుడు తెలిసింది. ఓడగా ఉన్నప్పుడు నీళ్ల మీద నేను జారాను. ఇప్పుడు నా మీద ఇంకొకటి జారింది.

చిట్టెమ్మ లేచి వచ్చింది. అట్టుని రెండు చేతులతో ఎత్తి లైటుకి ఎదురుగా పట్టి చూసింది. వెనక తిప్పి చూసింది. ఓ ముక్క తుంచి నోట్లో వేసుకుంది.

"ఉప్పు కొంచెం తగ్గింది," అంది. "పెనం మాత్రం పెనమే. ఇంటికి తీసుకురా అమ్మాయ్."

ఏడుకి నాలుగు నిమిషాలున్నాయి. లోవకుమారి ఫోను తీసింది. నూనె వేలికి గాజు పలకలేదు. నాలుగు సార్లు నొక్కింది, అయిదు సార్లు నొక్కింది. చిట్టెమ్మ తన చీర కొంగుతో కోడలి వేలు తుడిచింది, ఒక్కో కణుపూ తుడిచింది. ఆరంకెలు పైకి వచ్చాయి. మోషే అవి కొట్టాడు, డబ్బు తీసుకున్నాడు, నా మెడ మీది కాగితం పీకేశాడు. ఏడుకి ఇంకా నిమిషముంది.

వీర్రాజు ఓ చెవి పట్టుకున్నాడు, మోషే ఓ చెవి పట్టుకున్నాడు, నన్ను ఆటో ఎక్కించారు. "పెళ్లికి నాకు వంద అట్లు కావాలి," అన్నాడు వీర్రాజు. "పెనం ఎలాగూ లేదు, మీరే పోసివ్వండి." ఆదివారం ఆరుకి ముందే హాస్టల్ గేటు పక్కన పొయ్యి వెలిగింది. వార్డెనమ్మ మొదటి అట్టు తిని, రెండోది కాగితంలో కట్టించుకుని వెళ్లింది.

ఇంకొక్క మాట మరిచిపోయాను. ఆ శనివారం సాయంత్రం నన్ను ఆటోలో పెడుతుంటే, సీలింగు ఫ్యాను కోసం వచ్చిన ఒకాయన గుమ్మంలో అడ్డంగా నిలబడిపోయాడు. అంతసేపూ పొయ్యి పక్కనే నిలబడి చూసిన మనిషి. చాలా దిగులుగా చిట్టెమ్మని అడిగాడు:

"అట్టు అంటుకుంటే ఇనుమూ శనారమూ, లెగిస్తే పరవాలేదూ అన్నారు కదండి. మా ఇంట్లో పెళ్లైన కాడ్నించీ ఒక్క అట్టూ లెగలేదండి. అంటే మాకు ఇరవై రెండేళ్ల నుంచీ శనారమే నడుత్తాందంటారా?"