ఆథరైజ్డ్ యూజర్

పది రోజులుగా మినప్పప్పు నానబోసేటప్పుడల్లా ఒకటే గుబులు. ఉత్తరం ఇవాళ వస్తుందా, రేపా? మా మెయిల్‌బాక్స్‌కి ఒక్కటే తాళంచెవి. అది రఘువీర్ కారు తాళాల గుత్తిలో ఉంటుంది. బ్యాంకు నుంచి నా పేరున ఏం వచ్చినా ముందు చూసేది నా మొగుడే.

లోన్‌కి అప్లై చేసిన సంగతి అతనికి చెప్పలేదు. చెబితే కొరివితో తల గోక్కున్నట్టే. ఆరేళ్ళుగా ఇంట్లోనే ఇడ్లీపిండి, జంతికలు, సున్నుండలు చేసి అమ్ముతున్నాను. ఇక్కడ అమెరికాలో, మా ఇర్వింగ్ ఊళ్ళో ఇండియన్ స్టోర్ పక్కన చిన్న కిచెన్ అద్దెకి వచ్చింది. నెలాఖరులోగా అడ్వాన్స్ కట్టాలి.

బ్యాంకులో లోన్ ఆఫీసర్ నా ఈడు మనిషే. నేనిచ్చిన సున్నుండ తిని, ఇంకోటి అడిగి తీసుకుంది. ఇదివరకు తీసుకున్న అప్పులు ఎలా తీర్చారని అడిగింది. "నాకు అప్పుల్లేవండీ. జీవితంలో చెయ్యలేదు" అన్నాను గర్వంగా. మా అమ్మ నేర్పిన మర్యాద అది. ఆవిడ మొహం వాడిపోయింది. అప్పు చేసి తీర్చినవాళ్ళనే ఇక్కడ నమ్ముతారట. మరి పదిహేనేళ్ళుగా ఈ కార్డు వాడుతున్నానుగా అని తీసి చూపించాను.

"ఇది మీ భర్తది. మీరు ఆథరైజ్డ్ యూజర్. అంటే వాడుకోవడానికి ఆయన అనుమతిచ్చారు. దీన్ని మీ చరిత్రగా మేం లెక్కలోకి తీసుకోం."

ఆ అనుమతి సంగతి ఆవిడ చెప్పాలా? మూడేళ్ళ క్రితం, అడక్కుండా పెద్ద వెట్ గ్రైండర్ కొన్నానని, రఘువీర్ ఆఫీసులో కూర్చునే ఫోన్‌లో నా కార్డు ఆపేశాడు. స్టోర్‌లో నా బండినిండా బియ్యం, పప్పులు. వెనక ఎనిమిదిమంది. మూడుసార్లు గీకి, బండి అక్కడే వదిలేసి వచ్చేశాను. సాయంత్రం నవ్వుతూ అన్నాడు, "నీ సేఫ్టీ కోసమే వసంతా. మనీ మేటర్స్ నీకు తెలీవు కదా!" కేకలేసినా బాగుండేది. ఆ నవ్వంటేనే నాకు భయం.

"వ్యాపారం డబ్బు ఏ అకౌంట్‌లో పడుతుంది?" అని ఆఫీసర్ అడిగింది. మొదటి ఆర్డర్ వచ్చిన రోజే, "జెల్‌లో డబ్బులు పంపడానికి నా ఫోన్ నంబర్ ఇచ్చెయ్, నీకెందుకా హెడేక్" అన్నాడతను. ఇచ్చేశాను. అప్పట్నుంచి ఎవరు డబ్బు పంపినా మోగేది అతని ఫోనే. బ్యాంకు కాగితాల ప్రకారం నేనింతవరకూ ఒక్క జంతిక కూడా అమ్మలేదు.

ఆవిడ అక్కడికక్కడే నా ఒక్కదాని పేరున అకౌంట్ తెరిపించి, నా ఫోన్ నంబర్‌కి జెల్ కలిపింది. ఆరు నెలలు ఇందులో డబ్బు పడనివ్వండి, మళ్ళీ రండి అంది. ఇప్పటికి కాదన్నామని, కారణాలతో ఇంటికి ఉత్తరం పంపడం రూలట.

"పంపకుండా ఉండలేరా?"

ఆవిడ పెన్ను కింద పెట్టింది. "ఇంట్లో అంతా బాగానే ఉందా?"

ఉందన్నాను. కానీ డబ్బులు నా నంబర్‌కి పంపమని ఎవరికీ చెప్పే ధైర్యం లేకపోయింది.

ఇవాళ రఘువీర్ చించిన కవరుతో వంటింట్లోకి వచ్చాడు. నా చేతులు మణికట్టు దాకా పిండిలో ఉన్నాయి.

"బిజినెస్ లోనా? నన్నడక్కుండా? చూశావా, రిజెక్ట్ చేశారు." నవ్వాడు. "బ్యాంకోళ్ళకి కూడా తెలిసిపోయింది నీ సంగతి. ఇంక ఈ పిండి గోల ఆపెయ్."

అతను హాల్లోకి వెళ్ళి టీవీ పెట్టుకున్నాడు. ఆ కిచెన్ ఎలాగూ పోయింది. భయపడ్డ ఉత్తరమూ వచ్చేసింది. చేతులు కడుక్కుని, కస్టమర్ల వాట్సాప్ గ్రూప్ తెరిచాను. అక్షరాలు తప్పులు పడుతుంటే చెరిపి మళ్ళీ కొట్టాను. "ఇవాళ్టి నుంచి డబ్బులు నా ఈ నంబర్‌కే పంపండి. వసంతలక్ష్మి."

రెండు నిమిషాలకి మా కస్టమర్ సాయి ప్రియ పన్నెండు డాలర్లు పంపింది, పిండికి.

ఫోన్ మోగింది. అలవాటుగా రఘువీర్ తన ఫోన్ తీసి చూసుకున్నాడు.

"నాకేం రాలేదే!" అన్నాడు.

"నాకొచ్చింది" అన్నాను.