కాలు నాది సార్

సుమ్మాదేవి ఊరి ఆడపిల్లల కబడ్డీ జట్టులో కూతకెళ్తే ఉత్త చేతులతో తిరిగిరాని పిల్ల భవ్యశ్రీ. మందసలో ఆడినప్పుడు ముగ్గురు కలిసి ఆమెని పట్టేశారు. మధ్య గీత అందుకోడానికి ఒళ్లంతా సాగదీసింది. పాయింట్లు వచ్చాయి గానీ కుడి తొడ వెనక ఏదో పటుక్కుమంది. ఇక లేవలేకపోయింది.

కండరం కొంత చిరిగిందనీ, ఆపరేషన్ అక్కర్లేదు, ఫిజియోథెరపీ చాలనీ పలాస డాక్టరు చెప్పాడు. కోచ్ ఢిల్లీబాబు కొట్టిపారేశాడు.

"ఫిజియో గిజియో ఏటి? నరాలు తొక్కీవోడున్నాడు. ఒక్క పూటలో సరిసేసెత్తాడు."

తనే దగ్గరుండి తీసుకెళ్లాడు. ఆ మనిషి మడమతో తొడ మీద ఒక్కసారి తొక్కేసరికి భవ్యశ్రీకి కళ్లు బైర్లు కమ్మాయి. రెండోసారి కాలెత్తితే రెండు చేతులా తోసేసి, కుంటుకుంటూ బయటికొచ్చేసింది.

మర్నాడే పాసింజరెక్కి పలాసలో ఫిజియో ఇంద్రజ దగ్గరికెళ్లింది. ఇంద్రజ నొప్పి చోటు జోలికి పోలేదు. గోరువెచ్చటి అరచేతులతో నడుం నుంచి మొదలుపెట్టి నెమ్మదిగా కిందికి వచ్చింది.

"ఇదేటక్కా, నిమిరినట్టుంది! ఇలాగైతే ఎప్పటికి తగ్గుద్ది?"

"ముందు ఊపిరి ఒదులమ్మా. నువ్వు బిగబట్టుకుంటే నా చేతులేం చేస్తాయి?"

దెబ్బ తగిలిన రోజు నుంచీ పళ్లు బిగించే తిరుగుతున్నానని ఆ పిల్లకి అప్పుడు తెలిసింది.

వారానికి రెండుసార్లు పలాస, ఇంటి దగ్గర చిన్న చిన్న వ్యాయామాలు. ఐదో వారానికి నడక సాఫీ అయింది. అది చూసి ఢిల్లీబాబు ఇంటికొచ్చాడు.

"పది రోజుల్లో టెక్కలి టోర్నమెంటు. నువ్వు దిగాల."

"ఇంకా నెల పడతాది సార్. పరిగెడితే లాగతంది."

"భయపడతన్నావు. రాకపోతే జట్టులో నీ పేరుండదు, సూసుకో."

"కొట్టీయండి. కాలు నాది సార్. ఎప్పుడు దిగాలో నానే సెప్తాను."

ఆయన నిజంగానే పేరు కొట్టేశాడు. మర్నాడు భవ్యశ్రీ మళ్లీ పలాస రైలెక్కింది.

మూడో నెలలో ఇంద్రజ ఆమెని మైదానంలో పరిగెత్తించి, గెంతించి చూసి, "ఇక ఆడుకో" అంది. భవ్యశ్రీ హరిశ్చంద్రపురం జట్టులో చేరింది. కోటబొమ్మాళి టోర్నమెంటులో వాళ్లకి మొదటి ఆటే సుమ్మాదేవితో పడింది.

"ఆ కుడికాలే పట్టండే!" హద్దు గీత అవతల నుంచి ఢిల్లీబాబు అరిచాడు.

పట్టారు. ఇద్దరు తొడకి వేలాడారు. ఒక్క క్షణం ఆమె గుండె జారింది. కాలు మాత్రం జారలేదు. ఇద్దర్నీ ఈడ్చుకుంటూ వచ్చి మధ్య గీత మీద చెయ్యేసింది. ఆట ఎనిమిది పాయింట్ల తేడాతో హరిశ్చంద్రపురం గెలిచింది.

అయ్యాక పాత జట్టు కెప్టెన్ ధరణి నొప్పెడుతున్న తన భుజం పట్టుకుని దగ్గరికొచ్చింది. "దీన్ని కూడా సూత్తదా, మీ పలాస అక్క?" అని గుసగుసగా అడిగింది. ఢిల్లీబాబు రెండడుగుల దూరంలోనే ఉన్నాడు.

భవ్యశ్రీ గొంతు తగ్గించలేదు. ఇంద్రజ ఫోన్ నంబరు పది అంకెలూ ఒక్కొక్కటే గట్టిగా చెప్పింది.